వాహనం ఎక్కిన వాహనం

వినాయకచవితి నాడు కథ చదువుకుని అక్షింతలు నెత్తిన వేసుకుంటూ, అంత బొజ్జ గల స్వామి అంత చిన్న ఎలుక మీద ఎలా తిరుగుతాడా అని చిన్నతనంలో తెగ ఆశ్చర్యపోయేవాణ్ణి. ఇప్పుడా ఆశ్చర్యం లేదు. ఎంచేతంటే, స్వామిని మోయవలసిన ఆ వాహనం, నేను బ్యాంకువారికి నెలనెలా వాయిదాలు కట్టుకుంటూ తెచ్చుకున్న వాహనంలో కాపరం పెట్టింది. అద్దె ఇవ్వకపోతే పోయింది, వెళ్లేటప్పుడు కరెంటు తీగలు కూడా కొరికి మరీ వెళ్లింది.

నవ్వులాటగా మొదలెట్టాను గాని, ఈ వ్యవహారంలో నేను చేసిన తప్పు ఒకటుంది. అది చెప్పుకోవడానికే ఈ వారం ఈ పేజీ వాడుకుంటున్నాను. దానితోపాటు ఎలుకల సంగతి నేను తెలుసుకున్నదీ చెబుతాను. కారున్నవాళ్లకి పనికొస్తుంది, లేనివాళ్లకి కాలక్షేపమవుతుంది.

మాది రాజమండ్రిలో దానవాయిపేట. మూడంతస్తుల ఇల్లు, కింద సెల్లారు, అందులో ఆరు కార్లు. పొద్దున్న అయిదు గంటలకల్లా ఒక కుర్రాడు బకెట్టూ గుడ్డా పట్టుకొచ్చి మా కారూ మరో రెండు కార్లూ తుడిచి పోతూ ఉండేవాడు. నెలకి 500 రూపాయలు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు గదా, పైవాళ్లెవరూ లోపలికి రాకూడదని ఇళ్లవాళ్లందరం తీర్మానించుకున్నాం. కుర్రాడు రావడం మానేశాడు. కారు స్తంభం పక్కన, మాతోపాటే, ఇల్లు కదలకుండా కూర్చుంది. ఏప్రిలు నెల జీతం ఆ కుర్రాడికి పంపుదామని మా ఆవిడ అంది. "పని లేనిదే జీతమేమిటక్కా?" అన్నాడు పై వాటాలో ఉండే మా బావమరిది. నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. ఇది జ్ఞాపకం ఉంచుకోండి.

జూన్ మొదటివారంలో మా అత్తగారిని కళ్ల డాక్టరుకి చూపించవలసి వచ్చింది. దగ్గిర దగ్గిర డెబ్బై రోజుల తరవాత కారు తీద్దామంటే, బ్యాటరీ చచ్చిపోయి ఉంది. అది అనుకున్నదే. ఎదురింటివారి బ్యాటరీకి తీగలు తగిలించి తిప్పితే ఇంజను గురగురమందే గాని అంటుకోలేదు. ముందుపలక మీద నారింజరంగు దీపం వెలిగి, ఇక ఆరనంది. అత్తగారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని వెనకసీట్లో కూర్చునే ఉన్నారు. మా బావమరిది బానెట్టు ఎత్తి, లోపలికి తొంగిచూసి, "బావా! ఎవడో తీగలు కోసేశాడు. బ్లేడుతో కోసినట్టు ఎంత నున్నగా ఉందో చూడు" అన్నాడు.

చూశాను. నున్నగానే ఉంది. ఎవడు కోస్తాడు? ఆ వారమే కుర్రాడు మళ్లీ పని కోసం వచ్చి, గేటు దగ్గిర వాచ్‌మన్‌తో మాట్లాడి వెళ్లాడట. రెండునెలల జీతం ఇవ్వలేదన్న కోపం వాడికి ఉండకూడదా? ఉండవచ్చును గనక ఉందని తేల్చేసుకున్నాం. వాడికి కబురు పెట్టాం. వచ్చాడు. నేను మర్యాదగానే అడిగాననుకుంటున్నాను. అయినా, అయిదుగురు పెద్దవాళ్లు చుట్టూ నించుని అడిగే ప్రశ్నలో మర్యాద ఏపాటి ఉంటుంది? "ఆయ్, నేనెందుకు కోత్తానండీ?" అన్నాడు. మళ్లీ అడిగితే మాట్లాడలేదు. తల వంచుకుని అలాగే వెళ్లిపోయాడు. అత్తగారు ఆటోలో వెళ్లారు.

మర్నాడు ఆటో ఎలక్ట్రీషియను వచ్చాడు. యాభై దాటిన మనిషి, నోట్లో వక్కపొడి. కోసిన తీగ పట్టుకుని వెలుతురుకి తిప్పి చూసి, "బ్లేడుకి రెండు పళ్లుంటాయాండీ?" అన్నాడు.

అప్పుడు చూపించాడు. తొడుగు మీద గీతలు ఒకటొకటి కాదు, రెండేసి జంటగా ఉన్నాయి. కొన్ని తీగలకి పైతొడుగు ఒలిచేసి ఉంది గాని లోపలి రాగి తెగలేదు. బ్లేడుతో కోసేవాడికి అంత ఓపిక ఎందుకుంటుంది? కింద ఇంజను అంచు మీద రంగురంగుల తొడుగు పొట్టు. పక్కన బియ్యపుగింజల్లా నల్లటి పెంటికలు. ఇంకాస్త లోపల చెయ్యి పెట్టి ఒక గూడు పైకి తీశాడు. బానెట్టు లోపలివైపు అంటించి ఉండే దూదిఅట్టని పీకి గుండ్రంగా పరుపు వేసుకుంది మహాతల్లి. అందులో ఒక ఎండుకొబ్బరి ముక్క. అడుగున, మీటర్ల పెట్టె పక్కన పాతకాయితాలవాడికోసం మేమే కట్టిపెట్టిన కట్టలోంచి లాక్కొచ్చిన వారపత్రిక పుట. సీరియల్ తాలూకు పుట. కథంతా నమిలేసి చివర 'సశేషం' అన్న ముక్క మాత్రం వదిలిపెట్టింది.

ఎలుక ఈ పని ఎందుకు చేస్తుందో ఆ తరవాత నేను తీరిగ్గా చదువుకున్నాను. ఎలుకకి మొత్తం 16 పళ్లు. ముందువి నాలుగే, పైన రెండు, కింద రెండు. ఆ నాలుగూ అది బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికి నాలుగైదు అంగుళాల చొప్పున. గట్టి పింగాణీ వంటి పూత పంటికి ముందువైపే ఉంటుంది. అందులో ఇనుము కలిసి ఉండడంవల్ల పసుపుపచ్చగా కనబడుతుంది. వెనకవైపు మెత్తన గనక ముందుగా అరుగుతుంది. అంచేత పన్ను ఎప్పుడూ వడ్రంగి ఉలిలా వాడిగా ఉంటుంది, సానపట్టే వాడక్కర్లేదు. పై పళ్లూ కింది పళ్లూ ఒరుసుకుని అరగదీసుకుంటుంది; దారిలో అడ్డం వచ్చినదాన్నల్లా కొరికి చూస్తుంది. ఇంకో విశేషం ఏమిటంటే, ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య ఖాళీ చోటుంటుంది. కొరికేటప్పుడు పెదవులు ఆ ఖాళీలోకి ముడుచుకుని నోరు మూసేసుకుంటుంది. పొట్టు గొంతులోకి పోదు. అంటే తీగ కొరికినంతమాత్రాన తీగ తిన్నట్టు కాదన్నమాట.

ఈ ముక్క దగ్గిరే ఒక పెద్ద తగాదా ఉంది. ఈమధ్య కార్లలో తీగల తొడుగు తయారీకి సోయాచిక్కుడు నుంచి తీసిన పదార్థాలు వాడుతున్నారనీ, ఎలుకలు ఆ రుచి మరిగాయనీ ఒక వాదం. అమెరికాలో, కాలిఫోర్నియాలో, 2016లో కొందరు కార్ల సొంతదార్లు ఒక పెద్ద కంపెనీ మీద దావా కూడా వేశారు. కంపెనీలు ఒప్పుకోవు. నాకైతే ఇందులో సొంతదార్ల మీద జాలే గాని నమ్మకం తక్కువ. సోయా మాట వినని రోజుల్లో కూడా ఎలుకలు సీసపు గొట్టాలు కొరికాయి, మామూలు ప్లాస్టిక్ తొడుగులు కొరికాయి. సీసంలో ఏం రుచి ఉంది? కారు తీగ కొరకడంలో ఎలుకకి అపాయం కూడా లేదు. మన ఇంట్లో 230 వోల్టుల కరెంటు; మామూలు పెట్రోలు కారు బ్యాటరీది 12 వోల్టులు. చురుక్కుమనేదేమీ లేదు.

ఇక కారెక్కే దొర ఎవరంటే, సాధారణంగా నల్లటి ఇంటెలుక. గోడలూ గొట్టాలూ పట్టి పాకడంలో దిట్ట. పిల్ల ఎలుకకి అరఅంగుళం సందు, చిట్టెలుకకి పెన్సిలు దూరే కన్నం చాలు. మురికికాలవల దగ్గిర తిరిగే పందికొక్కులు వేరే. అన్నట్టు, ఇంగ్లీషువాళ్లు 'బాండికూట్' అంటారే, అది మన తెలుగువాళ్ల పందికొక్కే. మాట మననుంచి పట్టుకుపోయి, చివరికి ఆస్ట్రేలియాలో ఎలుకజాతి కాని మరో జంతువుకి కూడా తగిలించారు. చెట్టుకింద కారు పెట్టుకునేవారికి పట్టపగలే ఉడుతలు వస్తాయి. రాముడు వీపు నిమిరిన ప్రాణి గదా అని కోప్పడలేం.

సరే, కుర్రాడి సంగతి. ఎలక్ట్రీషియను వెళ్లాక మా ఆవిడ నా మొహం చూసింది, నేను మా బావమరిది మొహం చూశాను. సాయంత్రం నేనొక్కణ్ణే వాళ్ల ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ బయట కుర్చీ వేసింది. రెండునెలల జీతం చేతిలో పెట్టి, తప్పు మాదేనయ్యా, ఎలుక కొరికిందిట అన్నాను. వాడు డబ్బు తీసుకోవడానికి కాసేపు చెయ్యి చాపలేదు. తరవాత అన్నాడు:

"ఆ బండిలో ముందునించీ ఎలకలొస్తాయండి. నేను రోజూ బానెట్టెత్తి, గుడ్డెట్టి దులిపేసేవోణ్ణి. పెంటికలుండేయండి అప్పుడప్పుడు. మీకు చెప్పేంత ఇసయమా అని చెప్పలేదండి."

మూడేళ్లుగా నా కారు తీగలు క్షేమంగా ఉండడానికి కారణమెవరో నాకు ఆ గుమ్మం ముందు తెలిసింది. నేను ఇచ్చే 500 రూపాయలు దుమ్ము తుడిచినందుకని అనుకుంటూ ఉన్నాను.

ఎలుకకి కావలసినవి మూడు: చీకటి, వెచ్చదనం, ఎవరూ కదపకపోవడం. తిరిగొచ్చిన బండి ఇంజను చాలాసేపు వెచ్చగా ఉంటుంది, ఆ వెచ్చదనానికి లోపల దూరుతుంది. పొద్దున్నే ఎవరో ఒకరు మూత ఎత్తి కదిలిస్తే, ఇది నిలకడైన చోటు కాదని వెళ్లిపోతుంది. వారం రోజులు ఎవరూ కదపకపోతే గూడు కడుతుంది. మూడువారాల గర్భం దానికి. ఒక్క కాన్పులో ఆరేడు పిల్లలు. మరి డెబ్బై రోజులు కదపకపోతే ఏమవుతుందో లెక్క వేసుకోండి. దీనికి తోడు ఆ రోజుల్లో హోటళ్లు మూసేశారు, బజార్లో ఎంగిలి మెతుకు లేదు. తిండి వెతుక్కుంటూ ఎలుకలు ఇళ్లవైపు రావచ్చునని అమెరికాలో సీడీసీ అనే ఆరోగ్యసంస్థవారు 2020 మేలో హెచ్చరిక కూడా చేశారు. మా సెల్లారులో తిండికి లోటు లేదు లెండి: వాచ్‌మన్ కుక్కకి పెట్టే అన్నం, మూడో అంతస్తువారు పావురాలకి చల్లే నూకలు, మా కారు డిక్కీలో ఏ గుడికి వెళ్లినప్పటిదో కొబ్బరిచిప్ప.

మనకే ఈ బాధ అనుకోకండి. మా మేనల్లుడు కాలిఫోర్నియాలో ఉంటాడు. సెకోయా నేషనల్ పార్కులో మినరల్ కింగ్ అనే కొండలోయకి వెళ్లి ఒక ఫొటో పంపాడు. వరసగా కార్లు, ఒక్కొక్కదాన్నీ కింద చక్రాల దగ్గిరనించి పైదాకా టార్పాలినుతో మూటకట్టి ఉంచారు. పెళ్లివారి సామాన్లలా ఉన్నాయి. అక్కడ మార్మట్ అని, ఎలుకలకి వేలువిడిచిన చుట్టం, పిల్లంత జంతువుంది. వసంతం చివరనించి నడివేసవిదాకా అది కార్ల కిందకి దూరి రేడియేటరు గొట్టాలూ తీగలూ కొరుకుతుంది. బయల్దేరేముందు బానెట్టు ఎత్తి చూసుకోమని పార్కువారే చెబుతారట. జర్మనీలో మార్టెన్ అనే జంతువు గొడవ ఇంకా పెద్దది. అది ఎలుకజాతి కాదు, వేటాడి తినే జంతువు. ఒక మగమార్టెన్ తన వాసన పెట్టిపోయిన కారు మరో మార్టెన్ పేటలోకి వస్తే, ఈ రెండోది పగబట్టి గొట్టాలు చీల్చేస్తుంది. అక్కడి బీమా కంపెనీలకి ఏటా రెండు లక్షల పైచిలుకు ఫిర్యాదులు ఇవే.

విరుగుడుల సంగతికొస్తే, మా సెల్లారులో సలహాలకి కొదవ లేదు. ఒకరు పొగాకు కాడలు మూటకట్టి వేలాడదీయమన్నారు. ఒకరు కలరా ఉండలన్నారు. ఫినాయిలు, పుదీనా తైలం, మిరపపొగ. ఇవేవీ దండగని అననుగాని, వాసన ఉన్నన్నాళ్లే వాటి ప్రతాపం, అదీ నమ్మకం లేదు. ఇంజను వేడికి నాలుగురోజుల్లో ఎగిరిపోతుంది. హోండా కంపెనీవారు మిరపకాయ ఘాటునిచ్చే పదార్థం కలిపిన టేపు ఒకటి అమ్ముతారు, తీగలకి చుట్టుకోవడానికి. అది కాస్త మేలైన ఆలోచనే, చుట్టినంతమేరకి. మనకి వినబడని చప్పుడు చేసి ఎలుకల్ని తరుముతామనే డబ్బాలు ఉన్నాయి చూడండి, వాటి విషయంలో అమెరికా ప్రభుత్వపు వ్యాపార పర్యవేక్షణ సంస్థ 2001లోనే అరవై పైగా తయారీదార్లనీ దుకాణదార్లనీ, మీ మాటలకి శాస్త్రీయమైన రుజువుండాలి సుమా అని హెచ్చరించింది. ఎలుక ఆ చప్పుడుకి కొద్దిరోజుల్లో అలవాటు పడుతుంది. మా మొదటి అంతస్తువారు ఒకటి కొన్నారు. దాని తీగే కొరికింది.

విషం జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెబుతాను. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టవుతుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్నిరోజులు పడుతుంది. ఆ చావడం కారు ముందుపలక వెనకాల చస్తే, పలక ఊడదీయించేదాకా మీరు ఆ కారులో కూర్చోలేరు. దాన్ని తిన్న పిల్లికీ గుడ్లగూబకీ కూడా ముప్పే. టూత్‌పేస్టు గొట్టంలా కనబడే పచ్చభాస్వరం ముద్ద అయితే మరీ అన్యాయం. అది కాలేయాన్ని పాడుచేస్తుంది, దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. పిల్లలు తిరిగే ఇంట్లో అలాంటిది ఎంత ఎత్తున పెట్టినా ఎత్తు చాలదు.

బోను మంచిది. కాని ఎలుక కొత్తవస్తువుని చూస్తే జంకుతుంది, కొన్నిరోజులు దగ్గిరికి రాదు. అంచేత బోను పెట్టిన రోజే బిగించకండి. మూడు నాలుగు రోజులు తలుపు తెరిచి, గోడవారగా, వేరుశనగముద్ద పెట్టి ఊరుకోండి. తినడం అలవాటయ్యాక బిగించండి. వీటన్నిటికన్నా ముందు చెయ్యవలసింది పాతకాయితాల కట్ట తియ్యడం, నూకలు చల్లడం మానడం, కాలవ కన్నాలకి సన్నటి ఇనపజల్లెడ కొట్టించడం, కారుని రోజూ కాకపోయినా రెండురోజులకోసారి కదపడం. ఊరెళితే కనీసం ఎవరిచేతనైనా బానెట్టు ఎత్తించడం. వీలున్నవారు రాత్రిళ్లు బానెట్టు తెరిచే ఉంచవచ్చు. లోపల చీకటీ ఉండదు, వెచ్చదనమూ నిలవదు.

గూడు దొరికితే ఒట్టి చేతులతో ముట్టుకోకండి. ఎలుకమూత్రంవల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. చేతికి తొడుగులు వేసుకుని, బ్లీచింగు నీళ్లు చల్లి, కాసేపు నాననిచ్చి తుడవండి. పొడిగా ఊడవద్దు. గూడు కనబడ్డాక, తొడుగు లేని తీగలు చూశాక, ఓసారి తిప్పి చూద్దామని తాళం తిప్పవద్దు. ఒలిచిన తీగ ఇనుముకి తగిలితే ఫ్యూజు పోవడం అదృష్టం, నిప్పంటుకోవడం దురదృష్టం. రిపేరు చేసేవాడు తీగలు మెలిపెట్టి నల్లటేపు చుడతానంటే ఒప్పుకోకండి. మాటు పెట్టి, వేడిచేస్తే బిగుసుకునే స్లీవు తొడగమనండి.

బీమా గురించి రెండు మాటలు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే పైసా రాదు. కాంప్రిహెన్సివ్ పాలసీ ఉంటే ఎలుక కొరుకుడుకి చాలా కంపెనీలు ఇస్తాయి, షరతులు చదువుకోవాలి. సర్వేయరు చూసేదాకా తీగలు అతికించకూడదు. చిన్న కారుకి 1000 రూపాయలు, 1500 సీసీ దాటిన కారుకి 2000 మనమే భరించాలి. క్లెయిము చేస్తే నో క్లెయిం బోనస్ పోతుంది. అది మొదటి ఏడాది 20 శాతంతో మొదలై 50 దాకా పెరిగే తగ్గింపు గనక, రెండు మూడు వేల పనికి క్లెయిము పెట్టడం గిట్టుబాటు కాదు. మాది తీగలకట్ట సగం మార్చవలసి వచ్చింది గనక పెట్టాను. వచ్చింది, కాలయాపనతో.

కుర్రాడు ఆ నెలలోనే మళ్లీ రావడం మొదలెట్టాడు, మా ఆవిడ వెళ్లి పిలిచాక. నేను పిలిస్తే వస్తానన్నాడు గాని రాలేదు. ఇప్పుడు బానెట్టు ఎత్తి చూసి, పెంటికలు కనబడితే వాట్సాపులో ఫొటో తీసి పంపుతాడు. కిందటి శ్రావణమాసంలో ఒకరోజు వచ్చిన ఫొటో మా కారుది కాదు, మా బావమరిదిది. కొత్త కారు, ఎనిమిది నెలలది. ఆ వారంనుంచి దాన్ని కూడా ఆ కుర్రాడే తుడుస్తున్నాడు. నెలకి 700 అడిగాడట. మా బావమరిది బేరమాడలేదు.